గూబ ఎవరి వైపు కూసింది?

నికనోరాకి డెబ్బై నిండాయి. మెక్సికోలోని ఒవహాకా లోయలో ఆ వీధివాళ్లకి పిట్టల మాట తెలియాలంటే ఆమె గడపే ఎక్కాలి. తేనెపిట్ట కిటికీ ముందు ఆగితే పోయినవాళ్లు పలకరించి వెళ్లారని చెప్పేది. మిట్టమధ్యాహ్నం కోడి కూస్తే చుట్టాలొస్తారు, రొట్టెలు ఒత్తమనేది. చెప్పింది జరక్కపోతే తప్పు పిట్టదే గాని ఆమెది కాదు. అంత మహాతల్లి!

పక్కింటి తోమాసా ఆమెకి ప్రాణం. నికనోరా కూతురు హసింతాకి జ్ఞానతల్లి కూడా. అందుకే ఇద్దరూ 'కొమాద్రే', అంటే తోటితల్లీ, అని పిలుచుకునేవారు. హసింతా పెళ్లిలో ఆనవాయితీ ప్రకారం బతికున్న టర్కీ కోడిని ఎత్తుకుని తోమాసా చిందేస్తుంటే, అది చేజారి సీసాల మీంచి ఎగిరి వీధిన పడింది. "అపశకునం! ఈ కాపురం ఏడాది నిలవదు," అనేసింది నికనోరా, నలుగురిలో. తోమాసా మొహం మాడిపోయింది. హసింతాకి ఇప్పుడు నలుగురు పిల్లలు. ఈ ఇద్దరికీ మాత్రం పదకొండేళ్లుగా మాటల్లేవు.

మొన్న తెల్లవారుతుండగా రెండిళ్ల మధ్య గోడ మీద గుడ్లగూబ కూసింది. గూబ కూస్తే మనిషి పోవాల్సిందే, అక్కడ చంటిపిల్లలకీ తెలుసు. దాని ముక్కు తోమాసా ఇంటి వైపుంది. నికనోరా కళ్లారా చూసింది. 'మాట్లాడకుండానే పోతుందా నా తల్లి!' అని ఏడుస్తూనే మొక్కజొన్న తమాలీలు ఆకుల్లో చుట్టి ఉడికించి, బుట్ట పట్టుకుని బయల్దేరింది.

వీధిలోనే తోమాసా ఎదురొచ్చింది. చేతిలో వేడి చాక్లెట్ కుండ, కళ్లనిండా నీళ్లు.

"కొమాద్రే, ఒంట్లో ఎలా ఉందే?" అంది తోమాసా.

"నాకేం, దుక్కలా ఉన్నాను. నీకెలా ఉంది?"

"నాకేమయింది? గూబ కూసింది నీ వైపు కదా!"

"నా వైపా? నీ వాకిట్లోకి ముక్కు పెట్టి కూస్తేనూ!"

"మెడ గిర్రున తిప్పే పిట్టకి ఎటైతే ఏమిటి? నేను చూసేసరికి నీ పొయ్యి వైపే ఉంది."

"పిట్టల సంగతి నాకు చెప్తావా?"

"చెప్తా! నా టర్కీ కోడి గురించి ఏం కూశావో మర్చిపోయావా?"

కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గూబ నిజంగానే ఎవరి కోసం వచ్చిందో నికనోరాకి తెలియదు. ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్లీ వీలు చిక్కుతుందన్న నమ్మకమూ లేదు.

"కోడిని నేనే తప్పు చదివాను, కొమాద్రే. నీ చేతిలో ఏ దోషమూ లేదు," అంది, జన్మలో మొదటిసారి.

తోమాసా కుండ కింద పెట్టి శాలువాతో కళ్లు ఒత్తుకుంది.

"నేను చస్తాననుకుంటే గాని ఆ ముక్క నీ నోట రాలేదటే, దొంగమొహమా!"