ఎలిజబెత్ ఒంపేసిన నీళ్లు

కూతురు పోయిన పదకొండో రోజున ఎలిజబెత్ పనిలోకి వచ్చింది. ఇంకో వారం ఆగి రమ్మన్నాను.

"ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె మేడమ్" అని బకెట్ అందుకుంది.

1988 వానాకాలం అది. ఉప్పల్ రోడ్డు మీది మా పరిశోధనశాల వెనకాల ఒక గ్లాస్‌హౌస్ ఉండేది. అందులో అనాస కుటుంబం మొక్కలు రెండువందల దాకా ఉండేవి. అవి నీళ్లను ఎలా సంపాదించుకుంటాయి, ఎలా వాడుకుంటాయి అన్నది నా పని. నీళ్లు పెట్టడం ఎలిజబెత్ పని. ఆమెది నల్గొండ దగ్గర పల్లె. భర్త ఏలియా నాచారం ఫ్యాక్టరీల్లో లారీలకు సరుకెత్తేవాడు. మా ప్రహరీ గోడ అవతలే రేకుల ఇంట్లో ఉండేవాళ్లు.

ఎలిజబెత్ చదివింది నాలుగో తరగతి. చేరిన కొత్తలో, ఒకే కుటుంబం మొక్కలకు ఒక్కోదానికి ఒక్కో తీరుగా నీళ్లెందుకు పెట్టాలని అడిగింది. కూర్చోబెట్టి చెప్పాను. వీటి పూర్వీకులు వేళ్లతో మట్టిలోంచే నీళ్లు తాగేవి. లక్షల ఏళ్లు గడిచేసరికి, ఎండ మండే చోట్ల కొన్ని పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాకే తెరిచి గాలి పీల్చుకునేలా మారాయి. లోపలి తడి ఆవిరైపోదు. అనాసదీ అదే పద్ధతి. చెట్ల కొమ్మల మీద పెరిగేవాటికి మట్టి లేదు. వాటిలో కొన్నిటికి ఆకుల మొదళ్లు దగ్గరికొచ్చి దొన్నెలా అయ్యాయి. అందులో నిలిచిన వాననీళ్లే వాటికి ఆధారం. ఇంకొన్నిటికి దొన్నె కూడా లేదు. ఒంటి నిండా ఉన్న బూడిదరంగు పొలుసులే మంచునూ వానచినుకులనూ పీల్చుకుంటాయి. వేళ్లు కొమ్మను పట్టుకోవడానికే.

అంతా విని, "ఒక్క ఇంటోళ్లే గని ఎవరి నీళ్లు వాళ్లు సూసుకున్నరన్నట్టు" అంది. ఆ తర్వాత ఆమెకు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. మట్టివి, దొన్నెలవి, గాలివి అని తనే పేర్లు పెట్టుకుంది. దొన్నెలు ఎప్పుడూ నిండుగా ఉండాలన్నది నా ఆజ్ఞ.

పాప పేరు గ్రేస్. ఏడేళ్లు. మలేరియా మెదడుకెక్కింది. దవాఖానాలో నాలుగు రోజులే ఉంది.

ఎలిజబెత్ ఏడవగా నేను చూడలేదు. మునుపటిలాగే వచ్చేది, మునుపటిలాగే నింపేది. ఒక్క చుక్క తప్పేది కాదు.

మూడు వారాలకు మలేరియా విభాగం నుంచి భూషణం అనే ఆయన తనిఖీకి వచ్చాడు. డ్రమ్ములు చూసి, తొట్లు చూసి, చివరికి గ్లాస్‌హౌస్‌లోకి వచ్చాడు. ఒక దొన్నెలోంచి నీళ్లు తీసి తెల్ల పళ్లెంలో పోశాడు. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"హైమావతి మేడమ్, ఇందుల మస్తున్నయ్" అన్నాడు.

పక్కనే ఉన్న ఎలిజబెత్ పళ్లెంలోకి వంగి చూసింది. "ఇవి దోమలైతయా సార్?"

"అయితయమ్మా. వారం, పది దినాలల్ల."

ఆయన వెళ్లాక చెప్పాను. మలేరియా దోమలు ఎక్కువగా బావుల్లో, మేడల మీది ట్యాంకుల్లో పెరుగుతాయి. ఇవి వేరే రకం కావచ్చు. ఏ దోమ కుట్టిందో ఎవరికీ తెలియదు. చెప్పింది అబద్ధం కాదు. కానీ చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్లేసరికి దొన్నెల మొక్కలు అరవైమూడింటినీ ఒంపేసింది. చివరి కుండీ ఆమె చేతుల్లో ఉంది. నీళ్లు కాలువలోకి పోతున్నాయి.

"రోజూ నింపింది నేనే గద మేడమ్."

"నింపమన్నది నేను."

ఆమె చేతులు తుడుచుకుని చీపురు తీసుకుంది.

రోజుకూలీ మనిషిని తీసేయడానికి ఒక్క కాగితం చాలు. అందుకని ఫైల్లో, నీళ్లు నా ఆదేశం మీదే తీసేశారని రాశాను. నాలుగేళ్ల ప్రయోగం ఆగిపోయింది. డైరెక్టర్ పిలిచి గట్టిగానే అడిగాడు. అవీ ఇవీ చెప్పాను. బాధ కలుగుతుందనుకున్నాను. ఏమీ కలగలేదు.

నెల తిరిగేసరికి, నీళ్లు లేని దొన్నెల మొక్కల ఆకుల కొసలు ఎండి చుట్టుకుపోయాయి. రెండు నెలలకు పందొమ్మిది చచ్చిపోయాయి. వాటిని పీకి పారేస్తూ ఎలిజబెత్ ఆగింది.

"దోమలయ్యేటందుకు వారం బడ్తది గద మేడమ్. నాలుగొద్దులకొకపారి ఒంపేసి కొత్త నీళ్లు పోస్త. ఇవేం పాపం జేసినయ్."

అలాగే చేయమన్నాను. అప్పుడే అడిగాను, నా మీద కోపం ఉందా అని.

"వస్తదేమో అని నేను గూడ సూసిన. ఏమొస్తలేదు మేడమ్. ఆకలి గూడ గట్లనే, తింటే తింట" అంది.

తొమ్మిదేళ్లు అలా నాలుగు రోజులకోసారి ఒంపింది, పోసింది. మిగిలిన నలభైనాలుగు మొక్కల్లో ఒక్కటీ పోలేదు. భూషణం వచ్చినప్పుడల్లా ఆమే పళ్లెం పట్టుకునేది. పురుగు కనబడలేదు.

1997లో ప్రాజెక్టు ముగిసింది. అప్పటికి ఎలిజబెత్ వాళ్లు చెంగిచెర్లలో రెండు గదులు కట్టుకున్నారు. మొక్కలు పంచేస్తున్నాం, ఒకటి తీసుకెళ్తావా అని అడిగాను.

"వద్దు మేడమ్" అంది. ఉప్పల్ చౌరస్తా దాకా ఇద్దరం నడిచాం. ఆమె బస్సు ముందొచ్చింది. ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుంది. చేయి ఊపాను. ఆమె టికెట్ కోసం కండక్టర్ వైపు తిరిగింది.