ప్రభువు వద్దన్నాడట, చెంబెడు నీళ్లు

ఈ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగింది ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. కుందుర్పి చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయాయి. మా పెరటి బావిలో మాత్రం అడుగున కాసిని నీళ్లున్నాయి. మా మామ చర్చి సంఘానికి పెద్ద. ప్రభువు నడిపింపు లేనిదే ఏ పనీ చేయడు.

కరువు పనిలో రాళ్లు కొట్టి, మా ఊరి సుంకమ్మ మండుటెండలో వచ్చింది. భుజాన జ్వరంతో పసిబిడ్డ. ఆమె మొగుడు నిరుడు చర్చి మానేసి మళ్లీ మారెమ్మకు మొక్కాడు.

"పెద్దయ్యా, బిడ్డ నాలిక పిడచకట్టుకొని ఉండాది. ఒక్క చెంబు నీళ్లు పోయండి సామీ."

"ఉండు, ప్రభువునడిగి చెప్తా," అని మామ అక్కడే మోకరించి కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన ఎంతకీ తెగలేదు. నేను ఆగలేక నీళ్లు తోడి, చెంబు ఆమె చేతికిచ్చాను.

మామ కళ్లు తెరిచాడు. "దేవుడు వద్దన్నాడు. నీకెవురు చెప్పినారు ఇయ్యమని?"

"నాకు ఇయ్యమనే చెప్పినాడు మామా."

ఆయన ఆ చెంబు లాక్కుని నీళ్లు నేల మీద పారబోశాడు. సుంకమ్మ అక్కడే కూలబడి, కొంగు ఆ తడిమట్టిలో అద్ది, బిడ్డ నోట్లో పిండింది.

ఇందాక సాయంత్రం ప్రార్థనలో, తనను సరైన దారిలో నడిపించినందుకు మామ ప్రభువుకు స్తోత్రం చెప్పాడు. ఇంటిల్లిపాదీ ఆమేన్ అన్నారు. నేను మాత్రం అనలేదు. మీరైతే అనేవారా?