కాంతం నూలు మీద కునుకు

జగన్నాధం గురక గురించి పొందూరులో చెప్పుకునేవాటిలో సగం అబద్ధాలు. ఆ సగాన్ని పుట్టించినవాడూ జగన్నాధమే. తన గురకకు దూలం మీది బల్లి పట్టు తప్పి గంజికుండలో పడిందనీ, ఆ గంజి పెట్టిన పడుగులో నిలువుపోగు ఎక్కడ తెగినా బల్లితోకలా మళ్ళీ మొలిచేదనీ టీకొట్టు బల్ల మీద కూర్చుని ఒట్టు పెట్టి చెప్పేవాడు. ఏడో తరగతిలో బడి మానేసి మగ్గం గుంటలోకి దిగిన మనిషి. చదువు మానింది తాను కాదట, తనకు చెప్పడానికి మేష్టర్ల దగ్గర సరుకు అయిపోయిందట. ఆయన ఒక కోత మొదలుపెడితే రెండు టీలు చల్లారాల్సిందే.

అలాంటివాడు యాభై నాలుగో ఏట తన కోత మధ్యలో తానే నిద్రపోవడం మొదలుపెట్టాడు. "ఆ సొరసేప నా పంచె కొంగు పట్టుకోని..." అంటూనే గడ్డం గుండెల మీదికి వాల్చేసేవాడు. వినేవాళ్ళు కాసేపు చూసి, సొరచేపను అక్కడే వదిలేసి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

నవ్వులాట అక్కడితో ఆగలేదు. మగ్గం మీద కూడా కునుకు పట్టింది.

పడుకుని లేస్తే ఎవరికైనా అలసట తీరాలి. జగన్నాధానికి పడుకోవడమే పెద్ద కూలిపని అయిపోయింది. తెల్లారి లేచేసరికి రాత్రంతా బస్తాలు మోసినట్టు ఒళ్ళు, ఎవరో తువ్వాలు బిగించి కట్టినట్టు తల. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే గంటైనా కాకముందే కళ్ళు మూతలు పడేవి. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఆడుతూ ఉండేది. నిద్రలో ఆడిన చెయ్యి పోగును మెత్తగా తోస్తుంది, అక్కడ బట్ట పలచన. ఉలిక్కిపడి లేచిన చెయ్యి గట్టిగా కొడుతుంది, అక్కడ మందపాటి గీత. కళ్ళకు కనబడదు గానీ, నేతగాళ్ళ సంఘంలో బట్ట చూసే నారాయణమూర్తి వేలికి అన్నీ తెలుస్తాయి. ఆయన కళ్ళు మూసుకుని పంచె మీద చూపుడువేలు నడిపిస్తాడు.

"ఇక్కడ పడుకున్నావు," అన్నాడు ఒకరోజు. జానెడు దూరం పోయి, "ఇక్కడ లేచావు. ఇదిగో, మళ్ళీ పడుకున్నావు. జగన్నాధం, ఇది పంచె కాదయ్యా, నీ పక్కబట్ట."

జగన్నాధం నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆవులింత వచ్చింది.

ఆ పంచె పేలవంగా వస్తోందంటే పోయేది ఒక్క జగన్నాధం పేరు కాదు. దాన్లో నూలు అతని భార్య కాంతానిది. కాంతం వాలుగచేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, వింటితో ఏకి, రాట్నం మీద వడికిన నూలు వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియదు. "ఉన్నాదని నమ్మి నెయ్యాలి," అని జగన్నాధం మాట. నూలు సంఘానికి పోయి, సంఘం నుంచి ఎవరో ఒక నేతగాడికి చేరాలి. కానీ పెళ్ళైన ఈ ముప్ఫై ఏళ్ళలో కాంతం నూలు జగన్నాధం మగ్గం తప్ప ఇంకో మగ్గం ఎక్కలేదు. అలాగని ఎక్కడా రాసిపెట్టి లేదు. అలా జరిగిపోయిందంతే.

కాంతం వెంటపెట్టుకుని తీసుకెళ్తే, శ్రీకాకుళం డాక్టరు ఒక రాత్రి ఇంటి దగ్గరే ఒంటి నిండా తీగలు అంటించి పడుకోమన్నాడు. మర్నాడు కాగితం చూసి, నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకు నలభై రెండుసార్లు ఊపిరి ఆగుతోందన్నాడు.

"మన జిల్లాలో ఇదే ఎక్కువాండి?" అని అడిగాడు జగన్నాధం.

"పోటీ కాదయ్యా ఇది," అన్నాడు డాక్టరు. కాగితం ఇటు తిప్పి చూపించాడు. గీత కాసేపు చదునుగా పోతుంది, చటుక్కున లేస్తుంది, మళ్ళీ చదును. జగన్నాధం దాన్ని చాలాసేపు చూశాడు. నారాయణమూర్తి వేలు నడిచిన దారి అది.

"కాంతం," అన్నాడు పక్కకు తిరిగి, "ఇది నా పంచేనే."

అలా ఇంటికి గాలిమిషను అద్దెకు వచ్చింది. వెంకీ అనే కుర్ర టెక్నీషియన్ శ్రీకాకుళం నుంచి బండి మీద వచ్చి బిగించి చూపించాడు. డబ్బా, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించే మాస్కు. గాలి ఒత్తిడికి గొంతు మూసుకుపోకుండా తెరిచే ఉంటుంది. డబ్బా వెనక అగ్గిపెట్టెంత గడిలో బూడిదరంగు స్పాంజి, గాలి దాన్లోంచే లోపలికి పోవాలి. ఒకటే ఇబ్బంది వచ్చింది. మాస్కుకూ మొహానికీ మధ్య జగన్నాధం మీసం అడ్డం. గాలి పక్కల నుంచి బుస్సుమని పోతోంది.

"తగ్గించాలి బాబాయ్," అన్నాడు వెంకీ.

"మిషనునా?"

"మీసాన్ని."

మీసం తీసేసిన మొహంతో బయటికొస్తే అరుగు మీద కాంతం తమ్ముడు దాలయ్య కూర్చుని ఉన్నాడు. వీధి చివర అతనిదీ మగ్గమే. "ఏటి బావా, మిషను మీసంతో సరిపెట్టుకున్నాదా, మూతి కూడా అడిగినాదా?" అన్నాడు.

"ఒరే దాలిగా, నా మీసం శ్రీకాకుళం పంపినాను. కొలతలు తీసుకుంతన్నారు."

మొదటి మూడు రాత్రులు నరకమే. గాలి ముక్కులోంచి పోయి నోట్లోంచి వచ్చేది. కడుపులోకి గాలి పోయి తెల్లారేసరికి తేన్పులు. పట్టీలు చెంపల మీద వాతలు తేల్చేవి. అటు తిరిగితే గొట్టం మెడకు చుట్టుకునేది. ఐదో రోజు పొద్దున మాత్రం తలకు కట్టిన తువ్వాలు ఎవరో విప్పేసినట్టు లేచాడు. టీకొట్టుకు పోయి సొరచేపను పంచె కొంగు నుంచి మోకాలి దాకా తెచ్చాడు.

సరిగ్గా ఆ రోజే కాంతం మిషను వెనక గడి చూసింది. వాళ్ళు పడుకునే గదిలోనే ఆమె పత్తి ఏకుతుంది, వడుకుతుంది. గదంతా నూగు. స్పాంజి మీద తెల్లగా పేరుకుపోయింది. వేలితో గీకి చూసి ఆమె మనసు చివుక్కుమంది. ఏ ఊళ్ళో చేశారో తెలియని ఆ రబ్బరు ముక్కలోంచా మొగుడు ఊపిరి పీల్చేది? స్పాంజి తీసి పక్కన పెట్టింది. తన కోసం దాచుకున్న కొండపత్తిలోంచి పిడికెడు తీసి, దవడతో మూడుసార్లు దువ్వి, దూదిలా ఏకి, గడిలో కూరింది. ఖాళీ లేకుండా, ఒత్తుగా.

"మన పత్తి పెట్టినాను బావా," అని చెప్పింది కూడా.

"బాగా సేసినావు," అన్నాడు జగన్నాధం. పొందూరులో పుట్టినవాడు దేన్నయినా అనుమానిస్తాడు గానీ పొందూరు పత్తిని అనుమానించడు.

ఆ రాత్రి నుంచి మాస్కు పెట్టుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది. గాలి వచ్చేది కాదు. మిషను మాత్రం మూలుగుతూ ఉండేది. ఎలాగోలా కాసేపు ఓర్చుకుని ఊడదీసి దిండు పక్కన పెట్టుకునేవాడు. కాంతం లేచే వేళకు మళ్ళీ మొహానికి బిగించుకునేవాడు, చెంపల మీద గీతలు పడాలి కదా.

"ఎలాగున్నాది గాలి?" అని అడిగేది ఆమె పొద్దున్నే.

"పన్నీరు సల్లినట్టున్నాదే."

ఆయన జీవితంలో చెప్పినవాటిలో ఇంత చిన్న అబద్ధం లేదు. దీన్ని మోయడానికి పట్టినంత బలం వేటికీ పట్టలేదు. ఆమె కళ్ళు మెరిసేవి. ఆయన పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. అడ్డపోగు నడిపే నాడెను పదోసారో పన్నెండోసారో విసిరేసరికి తల వాలిపోయేది. మిషను తనకు పడలేదనుకున్నాడు. తన ఒంట్లోనే ఏదో మిషనుకు కూడా లొంగనిది ఉందనుకున్నాడు. ఎవరికి చెబుతాడు? గాలి ఆడటంలేదంటే, తన పత్తి పెట్టి మురిసిపోతున్న కాంతానికే ముందు చెప్పాలి.

పత్తి కూరిన పదో రోజున నారాయణమూర్తి ఇంటికే వచ్చాడు. మగ్గం మీదున్న బట్టను వేలితో తడిమి, కళ్ళు తెరిచాడు.

"గీతలు మునుపటికన్నా ఎక్కువైపోయాయి జగన్నాధం."

"మిషను పెట్టుకుంతన్నానండి."

"మిషను సంగతి నాకు తెలీదు. నాకు వేలే తెలుసు." గొంతు తగ్గించాడు. "ఈ పడుగులో ఇంకా రెండు పంచెలున్నాయి. ఆఖరి పంచె బాగుంటే సరే. లేదంటే నీకు ముతక దుప్పటి నూలు ఇస్తాను. కాంతమ్మ నూలు దాలయ్య మగ్గానికి ఇవ్వాల్సి వస్తుంది. పాడుచేసుకోడానికి కాదు కదా ఆవిడ వడికేది."

వెనకగదిలో కాంతం రాట్నం ఆగింది. సాయంత్రం దాలయ్య వచ్చి ఎప్పటిలా కూర్చున్నాడు గానీ బావను ఏడిపించలేదు. "అక్క నూలు నాకొద్దని సెప్తాను బావా," అన్నాడు మెల్లగా. జగన్నాధానికి ఆ మాట వెటకారం కన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు పదింటికి గుమ్మం ముందు బండి ఆగింది. వెంకీ. ఎవరూ పిలవలేదు. మిషను రోజూ ఎన్ని గంటలు నడిచిందో అతని ఫోనుకు తెలుస్తుందట.

"ఏటి బాబాయ్, మొదట్లో ఆరేసి గంటలు పెట్టినోడివి, ఈ పది రోజులూ రోజుకి యాభై నిమిషాలే సూపిస్తన్నాది?"

కాంతం మొగుడి వైపు చూసింది. జగన్నాధం నేల వైపు చూశాడు.

"పన్నీరు అన్నావు," అంది ఆమె.

ఊరందరికీ బల్లినీ సొరచేపనూ నమ్మించినవాడు లేచి మిషను తెచ్చి వెంకీ ముందు పెట్టాడు.

వెంకీ మిషను ఆన్ చేసి, గొట్టం చివర అరచెయ్యి పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు. డబ్బా తిప్పి వెనక గడి తెరిచాడు. వేలు పెట్టి లాగాడు. దూది వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది. గారడీవాడి నోట్లోంచి వచ్చినట్టు వస్తూనే ఉంది.

"ఇదేటమ్మా?"

"మా పత్తే బాబూ," అంది కాంతం. "మూడుసార్లు దువ్వి మరీ ఏకినాను. దానికన్నా శుభ్రమైనది ఏటున్నాది?"

"శుభ్రమేనమ్మా. కానీ ఇది గాలి పీల్చే సోటు, దిండు కాదు. ఇంత ఒత్తుగా కూరితే గాలి ఎలాగ వస్తాది? బాబాయ్ పది రోజులూ గుడ్డ కప్పుకోని పీల్చినట్టే."

కాంతం చేతిలోకి ఆ దూదిని తీసుకుంది. తన చేత్తో దువ్విన పత్తే, మధ్యలో నల్లగా మరక. "నాను పెట్టిందే నీకు ఊపిరాడనీకుండా సేసినాదేటి బావా?" అంది.

"నీ పత్తి తప్పేటి లేదే," అన్నాడు జగన్నాధం. "అంత సన్నదాన్ని సూసి గాలే సిగ్గుపడిపోనాది. లోపలికి రాలేదు."

ఆమె నవ్వలేదు. కానీ దూదిని కొంగున ముడేసుకుంది.

వెంకీ డబ్బాలో చిక్కిన పోగులు పట్టకారుతో తీసి, రెండు కొత్త స్పాంజిలు ఇచ్చాడు. ఒకటి ఉతికి ఆరేస్తే రెండోది పెట్టాలి. నీళ్ళ అరలో బోరునీళ్ళు పోయకూడదు, మందుల షాపులో దొరికే నీళ్ళే పొయ్యాలి. ముఖ్యంగా, నూగు ఎగిరే గదిలో మిషను ఉండకూడదు.

"ఎన్నాళ్ళు పెట్టుకోవాలి బాబూ ఇది?" అని అడిగాడు జగన్నాధం.

"ఉన్నన్నాళ్ళూ బాబాయ్."

ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ముందుగదిలో మగ్గం, వెనకగదిలో పడక, రాట్నం. మగ్గం కదలదు. ఆ మధ్యాహ్నం కాంతం గది తుడిచి, తడిగుడ్డ పెట్టి, రాట్నాన్నీ వింటినీ అరుగు మీదికి మోసుకుంది. మార్గశిరం చలిలో శాలువా కప్పుకుని అక్కడే వడకడం మొదలుపెట్టింది. ఎండ వచ్చేదాకా వేళ్ళు వంగేవి కావు. ముప్ఫై ఏళ్ళు వెనకగది గోడకు ఆనిన నడుముకు అరుగు మీద ఆనడానికి గరుకు స్తంభమే మిగిలింది. జగన్నాధం ఒకరోజు దిండు తెచ్చి ఆమె వీపు వెనక పెట్టి, మగ్గం దగ్గరికి పోయాడు.

మిషను వెంటనే మహిమలేమీ చూపలేదు. ఒక రాత్రి ఆరు గంటలు, ఒక రాత్రి మూడు. ముక్కు ఎండిపోయేది. జలుబు చేసినప్పుడు గోడకేసి కొట్టాలనిపించేది. అలసట నెలల తరబడి లోపలికి ఇంకిన గంజిలాంటిది, ఒక్క ఉతుకుకు పోలేదు. పడుగులో మిగిలిన రెండు పంచెల్లో మొదటిదాన్లో ఏడు చోట్ల గీతలు పడ్డాయి. తానే వేలితో లెక్కపెట్టుకున్నాడు. రెండోదానికి పొద్దున్నే కూర్చుని, కళ్ళు బరువెక్కితే లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. తొందరపడలేదు. ఆఖరి రోజున గుంట అంచున దాలయ్య కూర్చుంటే, వాడికి ఏదో చెబుతూ నేశాడు.

సంఘంలో నారాయణమూర్తి ఆ పంచెను బల్ల మీద పరిచి కళ్ళు మూసుకున్నాడు. వేలు కదిలింది. జానెడు. మూరెడు. రెండు మూరలు. జగన్నాధం ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. మడత విప్పి, మళ్ళీ నడిపించాడు. ఆఖరి మూరలో వేలు ఆగింది.

"ఇక్కడ?"

జగన్నాధం వంగి చూశాడు. తనూ తడిమాడు. మందంగానే ఉంది.

"అది నిద్ర కాదండి. సొరసేప."

"ఏమిటి?"

"దాలిగాడికి సెప్తన్నాను. అది పంచె కొంగు వొదిలేసి తోక తిప్పినాది. అక్కడ సెయ్యి కాస్త గట్టిగా పడిపోనాది."

నారాయణమూర్తి కళ్ళు తెరిచి అతని మొహంలోకి చూశాడు. నిద్రకళ్ళో కాదో వెతుకుతున్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళి కొత్త పడుగుకు కాంతం నూలు చుట్టిన చిలపల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నేత టైములో చేపలొద్దు," అన్నాడు.

జగన్నాధం కట్ట చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఎగిరి గంతేసే ఓపిక లేదు. అరుగు మీద కాంతం చూసి, వడుకుతున్న ఏకు పక్కన పెట్టి, కట్టను అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆయన పెరట్లోకి పోయి మాస్కును సబ్బునీళ్ళతో కడిగి తీగకు తగిలించాడు. స్పాంజి ఉతికాడు. పొద్దు వాలేలోపు రెండూ ఆరాలి. రేపూ కడగాలి. ఎల్లుండీ కడగాలి.

"బావా," అని పిలిచింది కాంతం అరుగు మీద నుంచి, "నీళ్ళ సీసా అయిపోనట్టున్నాది, సూసినావా?"

"సూసినాను," అన్నాడు జగన్నాధం. చెప్పులు తొడుక్కుని మందుల షాపుకు బయలుదేరాడు.