బల్ల ఆపిండ్రు, రొట్టె ఆపలే

మా ఆయన తాలూకా ఆఫీసుల పెద్ద గుమస్తాగ రిటైరైనంక ఇంట్ల కూసోలేకపోయిండు. కూసుంటే నామీద పెత్తనం చేసుడు తప్ప వేరే పని లేదాయె. గందుకే అడవి దిక్కు మిషన్ ఆఫీసు చూసుకునేటందుకు ఒక పెద్దవయసు జంట కావాలని సంఘంల అడగంగనే చెయ్యి లేపిండు. నన్ను ఒక మాట అడిగితే ఒట్టు. కల్లూరుల ఇల్లు కిరాయికిచ్చి, భద్రాచలం దాటినంక అడవి అంచుకున్న ఆ ఊర్లె సామాను దింపినం. ముందర ఆఫీసు, వెనుక మాకు రెండు రూములు, నడుమ వంటసాల. జీతం లేదు, సేవ. "దేవుని పనే" అన్నడు మా ఆయన. దేవుని పనేమో గాని, గిన్నెలు తోముడు మాత్రం నాకే వచ్చింది.

వారం ఎట్ల గడిచేదంటే, సోమవారం ఆఫీసు తెరిచి ప్రార్థన. మంగళవారం గుంపుల నుంచి సంఘ కాపర్లు, అంటే పాస్టర్లు, వస్తరు. గుంపంటే చెట్ల నడుమ నాలుగిండ్ల పల్లె, అక్కడ గట్లనే అంటరు. వాళ్లందరికి అన్నం, పప్పుచారు. బుధవారం పట్నం నుంచి వచ్చిన పాత బట్టల మూటలు విప్పుడు. గుండీలు లేని అంగీలు, జిప్పు పోయిన పాంట్లు, పెండ్లిల కట్టి పారేసిన చీరెలు. వాటికి మేము గుండీలు కుట్టి, ఉతికి, మడత పెట్టాలె. గురువారం సంత, ఆఫీసు వరండా నిండ జనం. శుక్రవారం ఉపవాస ప్రార్థన. అందరు ఉపవాసముంటరు, పొద్దుమూకినంక వాళ్లు తినేటిది నేను వండుత. శనివారం గుడి కడుగుడు.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. దాని ముందటి శనివారం రొట్టె చేసేది నేను. పులవని గోధుమపిండి, ఉప్పు గూడ ఎయ్యను. పలుచగ ఒత్తి, పెనం మీద మచ్చ పడకుండ కాల్చాలె. మచ్చ పడ్డది బల్ల మీదికి పోదు, పక్కకు పెట్టుకొని రాత్రి చారుల ముంచుకొని తింట. పిండి పిసికేటప్పుడు ఎవరు పిలిచినా పలకకపోయేదాన్ని. వారమంతా ఊరోళ్ల చాకిరి, గా రొట్టె ఒక్కటి నాది అనిపించేది.

మా దాంట్ల తప్పు చేసినోళ్లకు బల్ల ఆపుతరు. అంటే ఆ రొట్టె ముక్క, ఆ ద్రాక్షరసం వాళ్లకు ఇయ్యరు. చివరి బెంచి మీద కూసోవాలె. బల్ల ఆగి ఉండంగ ప్రాణం పోయిందా, సమాధుల తోటల జాగ లేదు, మట్టి చేసేకాడ ప్రార్థన లేదు. గిది నియమం. ఆ నియమానికి కాపలా కుక్క మా ఆయన. కట్టుకున్నోన్ని అట్లంటవా అని ఎవరన్న అడిగితే అడగనియ్యి, అంత మాట అనే హక్కు నాకున్నది.

మేము ఆ ఊరికి పోయిన ఏడే, వానకాలంల, ఒక గుంపు మనిషి ట్రాక్టర్ ట్రాలీల పెండ్లాం శవాన్ని తీస్కొచ్చిండు. ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నోళ్లే. అయితే మనుమనికి జ్వరమొచ్చినప్పుడు ఆమె గుంపు దేవతకు కోడిని కోయించిందని బల్ల ఆపిండ్రు. జ్వరం మనుమన్ని ఇడిచిపెట్టి ఆమెను పట్టుకుంది. వాన దంచుతున్నది. ట్రాలీల ఈతాకు చాప మీద ఆమె, పక్కన ఆయన, నెత్తి మీద తువ్వాల.

మా ఆయన వరండా మీద నిలబడి, మెట్టు దిగకుంటనే మాట్లాడిండు.

"బల్ల ఆగింది గద ఆమెకు. తోటల జాగ రాదు."

"జాగ లేకుంటే మానె అయ్యగారూ. ఒక్క ప్రార్థన చెయ్యుండ్రి. ఆఖరిదాంక గదే అడిగింది."

"నియమం నేను పెట్టిందా? సంఘానిది. తీస్కపో."

నాకు ఒళ్లు మండింది. లోపలికి పోయి మూటల ఉన్న మంచి దుప్పటి ఒకటి తెచ్చి, వానల దిగి ఆమె మీద కప్పిన. మా ఆయన వరండా మీది నుంచే, "ఏమే, అది మిషన్ దుప్పటి, లెక్కల ఉన్నది" అని అరిచిండు. ఆ మనిషి విన్నడు. దుప్పటి తీసి, మడత పెట్టి, తడిసిన దాన్ని నా చేతుల పెట్టిండు. ట్రాక్టర్ మళ్లిచ్చుకొని పోయిండు. ఆమెను వాళ్ల చేనుగట్టు మీదనే పెట్టిండ్రని తర్వాత తెల్సింది. ఆ రాత్రి మా ఆయనకు నేను అన్నం పెట్టలే, తనే పెట్టుకొని కడుపు నిండ తిన్నడు.

ఎండకాలం రాంగనే మా ఆయనకు కామెర్లు తగులుకున్నయ్. కండ్లు పసుపు, గోర్లు పసుపు, దిండు మీద చెమట గూడ పసుపే. భద్రాచలం దవాఖానాల గ్లూకోజు ఎక్కించి పంపిండ్రు. మనిషి నీళ్లు గూడ నిలుపుకోలేకపోయిండు. సంఘం చైర్మన్ అయ్యగారు వచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, బయటికొచ్చినంక నాతోని, "పిల్లలకు కబురు చెయ్యమ్మా" అన్నడు.

ఆ దిక్కు కామెర్లంటే అందరికి తెల్సిన మందు పసరు, పుల్లల దండ. సన్న పుల్లలు దారానికి గుచ్చి మెడల ఏస్తరు. రోగం దిగుతాంటే దండ పొడుగై కిందికి దిగుతదంటరు. సంఘంల సగం మంది ఆ దండ ఏసుకొని లేచినోళ్లే, అడిగితే మాత్రం ఒక్కరు చెప్పరు. ఎందుకంటే అది మంత్రమని, దానికీ బల్ల ఆపుతరు. నాకు మొగుడు కావాల్నా బల్ల కావాల్నా? నేను ఆలోచించలే. ఆటో మాట్లాడుకొని మందిచ్చే మనిషి ఇల్లు అడుక్కుంట పోయిన. ఇంటి ముందర పుల్లలు చెక్కుకుంట కూసున్నది ఎవరనుకున్నరు? ట్రాలీ మనిషే. ఓరి దేవుడా, భూమి నోరు తెరిస్తే బాగుండనిపించింది.

ఆయన నన్ను గుర్తుపట్టిండు. చెక్కిన పుల్లలు కట్టగట్టి లేచి వాళ్ల భాషల ఇంట్లోళ్లకు ఏదో చెప్పి, వచ్చి ఆటో ఎక్కిండు.

మా ఆయనకు తెలివి బాగనే ఉంది. ఎవరొచ్చిండ్రో చూసిండు. పసరు తాగిండు, దండకు మెడ వంచిండు. ఆ మనిషి పైసలు అడగలే. "లేచినంక ఒక్కసారి మా గుంపుకు వచ్చి ఆమె కాడ ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారూ" అన్నడు. మా ఆయన ఆయన చెయ్యి రెండు చేతులతోని పట్టుకొని, "వస్త, ప్రభువు తోడు వస్త" అని ఏడ్చిండు. నేను గడపల నిలబడి విన్న. నాకూ ఏడుపు ఆగలే. ఈ రోగం మనిషిని మంచిగ చేసిందనుకున్న, ఎంత పిచ్చిదాన్ని!

లేచిండు. పసరు లేపిందో, గ్లూకోజు లేపిందో, ప్రార్థనే లేపిందో, పైవానికే ఎరుక. దండ బొడ్డు దాటి దిగేదాంక ఆ ఎండల గూడ మెడదాంక గుండీలు పెట్టుకొని తిరిగిండు. తర్వాత తెంపి పొయ్యిల ఏసిండు.

గుంపుకు పోయిండా అంటే పోలే. గురువారం సంతకు ఆ మనిషి వచ్చి వరండా బెంచి మీద కూసునేటోడు. ఆయన్ని చూడంగనే మా ఆయన వంటసాల తలుపుల నుంచి వెనుకకు జారుకునేటోడు. "ఎప్పుడు పోతవయ్యా?" అంటే "ఎండ తగ్గనీ" అంటడు. ఎండ తగ్గినంక "వాన తగ్గనీ" అంటడు. ఒకసారి మొహం మీదనే అడిగిన, మాటిస్తివి గదా అని. "బల్ల ఆగినదానికి ప్రార్థన చేస్తే నాకు బల్ల ఆగదా?" అన్నడు. థూ అనాలనిపించింది. అన్న గూడ.

ఒక ఆదివారం గుడిల సాక్ష్యాలు పెట్టుకున్నరు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందర చెప్పుకునుడు. ఆ మనిషి గూడ వచ్చి చివరి బెంచిల కూసున్నడు. మా ఆయన తెల్లంగీ ఏసుకొని ముందుకు పోయి, "డాక్టర్లు వదిలేసిండ్రు. నేను ఏ పసరు ముట్టలే, ఏ దండ కట్టలే. వట్టి ప్రార్థన మీద దేవుడు నన్ను లేపిండు" అన్నడు. గుడంత హల్లెలూయ అని చప్పట్లు. ఆ మనిషి గూడ చప్పట్లు కొట్టిండు. పక్కోళ్లు కొడుతున్నరని కొట్టిండో ఏమో, గాని నేను ఆ చేతులు చూసిన. గా చేతులే పుల్లలు చెక్కినయ్.

ఇగ నాతోని కాలే. లేచి నిలబడ్డ.

"అబద్ధం. పసరు తాగిండు, దండ కట్టుకున్నడు. ఇచ్చినాయన అగో, చివరి బెంచిల ఉన్నడు. ఆయన భార్య కాడికి వచ్చి ప్రార్థన చేస్తనని ప్రభువు మీద ఒట్టేసిండు మా ఆయన."

చైర్మన్ అయ్యగారు మా ఆయన దిక్కు చూసిండు. నాలుక మడత పెట్టుడు మా ఆయనకు కొత్తనా? తాలూకా ఆఫీసుల నేర్చిన విద్య. "నాకు సోయి లేదు అయ్యగారూ. నాకు తెల్వకుంట ఆమె తాగిపిచ్చింది, ఆమె కట్టిపిచ్చింది. పెండ్లాం పరువు కాపాడదామని దాచిన" అన్నడు. నా దిక్కు మొహం పెట్టి మరీ అన్నడు.

బల్ల నాకు ఆపిండ్రు, నాకొక్కదానికే.

ఇంకా ఉన్నది వినుండ్రి. తర్వాతి శనివారం చైర్మన్ అమ్మగారు పిండి సంచి పట్టుకొని వంటసాలకు వచ్చింది. "బల్ల ఆపింది నిజమే గాని అక్కా, రొట్టె నీ అంత సాపుగ ఎవరికి రాదు" అన్నది. నవ్వాల్నా ఏడువాల్నా? తినేటందుకు పనికిరాను గాని, చేసేటందుకు పనికొస్త. కోపంల పిండి ఆమె మొహాన కొడుదామనుకున్న. కొట్టలే. ఎందుకంటే ఆ రొట్టె నాది. ఒత్తిన, కాల్చిన. ఆదివారం మా ఆయన కండ్లు మూసుకొని ఆ ముక్క నోట్లె ఏసుకునేది చివరి బెంచి మీది నుంచి చూసిన. నమలుతాంటే దవడ గూడ వణకలే.

మరునాడు సోమవారం ఆఫీసు నేను తెరవలే. మచ్చ పడ్డ రొట్టె ఒకటి గుడ్డల చుట్టుకొని, బైబిల్ పట్టుకొని బస్సెక్కిన. రోడ్డు మీద దిగి గుంపుదాంక నడిచిన. ఆ మనిషి చేన్లనే ఉన్నడు. నన్ను చూసి, నా వెనుక తొవ్వ దిక్కు చూసిండు.

"అయ్యగారు రాలేదా?"

"రాడు. నేనొచ్చిన."

గట్టు మీదికి తీస్కపోయిండు. మన్ను కుప్ప వానలకు సగం కరిగింది, చుట్టూ రాళ్లు పేర్చిండ్రు. రొట్టె తీసి రాళ్ల నడుమ పెట్టిన. ఆయన తువ్వాల నెత్తి మీది నుంచి తీసిండు, గాని తల వంచలే. ఏదో అడగాలని గుంజాటన పడుతున్నడు.

"అమ్మగారూ, మీకు బల్ల ఆపిండ్రు గద."

"అవ్."

"మరి మీ ప్రార్థన పైకి పోతదా?"

ఎగతాళి కాదు, నిజంగనే అడిగిండు, ఆమె కోసం. గుడిల అంత మంది నడుమ మా ఆయన అన్న మాట గూడ నాకు గంత తాకలే.

"తెల్వది" అన్న.

కొంచెంసేపు ఆ మన్ను దిక్కు చూసి, "సరే, చెయ్యుండ్రి" అన్నడు. ఆమె పేరేందని అడిగిన. మేమెవ్వరం అంతకుముందు ఆ పేరు అడగలే. చెప్పిండు. ఆ పేరు పట్టుకొని నాకొచ్చినట్టు ప్రార్థన చేసిన. ఆమెన్ అంటే ఆయన గూడ ఆమెన్ అన్నడు. తువ్వాల దులుపుకొని నెత్తికి చుట్టుకుంట, నన్ను తొవ్వదాంక సాగనంపి, మెల్లగ అన్నడు:

"అయ్యగారు ఎప్పుడన్న వస్తే మళ్లొకసారి చేయించుకుంట అమ్మగారూ. ఏమనుకోకుండ్రి."

"అట్లనే" అన్న.