ఫుజైరా ఆఫీసులో రెండో గడియారం

2008 అక్టోబరు 15, బుధవారం. ఫుజైరా, క్వారీ ఆఫీసు. హాజరైనవారు: ముదీర్, కడప వంటమాస్టరు, జగిత్యాల ఫోర్‌మన్, స్టోర్సు గుమస్తానైన నేను.

మొన్న చెదలమందు కొట్టడానికి బీరువాలోని డైరీలన్నీ దించితే ఈ పేజీ కనబడింది. దులపడం పక్కనపెట్టి కూర్చుండిపోయాను.

మా మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, స్కాట్లాండు దీవుల్లో ఒకదాంట్లో పుట్టినవాడు. ఇంట్లో ఆయన భాష ఇంగ్లీషు కాదు. చిన్నప్పుడు బళ్ళో ఆ భాష మాట్లాడితే కసురుకునేవారట. టీవీలో కూడా వేరే ఛానెళ్ళ మధ్య అరగంటో గంటో వినిపించేది. ఆ ఏడాది దానికంటూ ఒక సొంత ఛానెల్ వచ్చింది. మొదలై నెలయినా కాలేదు, ఉన్నిగుడ్డ నేసే ఎనభై ఏళ్ళ వాళ్ళమ్మ అందులో మాట్లాడబోతోంది. మా డిష్‌కు ఆ ఛానెల్ అందదు. అందుకని అక్కడ సాయంత్రం అయిదింటికి మేము ఫోన్ చేస్తే, ఆయన చెల్లెలు రిసీవరును టీవీ దగ్గర పెట్టేలా ఏర్పాటు చేసుకున్నారు.

ఆఫీసు గోడకు రెండు గడియారాలుండేవి. ఒకటి మా టైము, రెండోది ఆయన ఊరి టైము. రెండోదాని ఆలనాపాలనా నాది. ఏటా అక్టోబరు రెండో వారంలో బ్యాటరీ మార్చడం నా నియమం. ఆ ఏడూ మార్చి, అలవాటుగా నాలుగు గంటల తేడా పెట్టాను. ఆ గడియారాన్ని నమ్మి ముదీర్ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేద్దామన్నాడు.

డైరీ రాసే ముందు నిరుటి అదే తేదీ చదవడం నా ఇంకో నియమం. పావు తక్కువ ఎనిమిదికి 2007 తీశాను. "బ్యాటరీ మార్చాను. వేసవికని వాళ్ళు గంట ముందుకు జరిపిన లెక్క, నెలాఖరు దాకా తేడా మూడు గంటలే, మరవకు." నా దస్తూరీయే.

మెస్‌కు పరుగెత్తాను. ముదీర్ భోంచేస్తున్నాడు.

"సార్, తొమ్మిదికి కాదు, ఎనిమిదికే. గడియారం తప్పు."

"అది తప్పు చూపించదే. పెట్టేది నువ్వు కదా."

"నేనే తప్పు పెట్టాను సార్."

ఒక్క క్షణం నా మొహం చూశాడు. "యల్లా, పద" అని లేచాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. వెనకే వంటమాస్టరు, ఫోర్‌మన్.

సరిగ్గా ఎనిమిదికి లైను కలిసింది. స్పీకరు నొక్కాడు. మగ్గం చప్పుడు, దాని మధ్య నుంచి ముసలావిడ గొంతు. ముదీర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషి ఎవరి ముందూ అలా నిలబడగా నేను చూడలేదు.

"ఒక్క ముక్క సమజ్ కాలే. గని మా అవ్వ మాట్లాడినట్టే ఉన్నది" అన్నాడు ఫోర్‌మన్ మెల్లగా.

"మీ యవ్వ ఇంత నిమ్మళంగా ఎప్పుడు మాట్లాడిందప్పా?" అన్నాడు వంటమాస్టరు.

అయిపోయాక ముదీరే చెప్పాడు: "నా కొడుకు ఎండల దేశంలో కొండలు పగలగొడతాడు, కోటు అక్కర్లేదు, అయినా ఏటా వాడికొక కోటుగుడ్డ నేస్తాను, అంది. మా భాషలో అంది, టీవీలో." చివరి మాట రెండుసార్లు అన్నాడు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచి, రాత్రి రాసిన పేజీ చదవమన్నాడు. తెలుగులో ఉంది సార్ అన్నాను. "చదువు. నిన్న మీరు వినలేదా?" నా తప్పుతో సహా మొత్తం చదివాను. చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత నేను కుర్చీ ఎక్కి రెండో గడియారం ముల్లును గంట ముందుకు జరిపాను. అన్నేళ్ళ ఉద్యోగంలో పోబోయిన గంటను వెనక్కి తెచ్చుకోగలిగింది ఆ ఒక్కసారే.