ఊక పొయ్యిలో కృష్ణబిలం

కృష్ణబిలం చల్లగా ఉంటుందని మా ఫిజిక్స్ లెక్చరర్ గారు అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. క్లాసంతా వింటుండగా అన్నారు.

"వెలుతురే బయటికి రానప్పుడు వేడెలా వస్తుందమ్మా? పైగా అది గెలాక్సీని వేడెక్కిస్తుందా! చక్కగా సౌరశక్తి మీద మాట్లాడు. నిరుడు సీనియర్లు వేసిన చార్టులు బీరువాలోనే ఉన్నాయి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు నేను ఏలూరులో బీఎస్సీ ఆఖరి సంవత్సరం. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు డిగ్రీ విద్యార్థులకు సెమినార్ పెట్టారు. మా కాలేజీ తరఫున నన్ను పంపుతున్నారు. "నేను కృష్ణబిలం మీదే మాట్లాడతాను సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వస్తే ఆయన చేసే పని అదే.

నిజానికి ఆయనకు కోపం తెప్పించే స్థితిలో నేను లేను. కొల్లేరులో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది అది. మా నాన్న ఆ చెరువుల మీద కాపలా ఉండేవాడు. పని పోయింది. మా ఊరు పెదపాడు వదిలేసి తాడేపల్లిగూడెం వచ్చాం. నాన్న బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి కుదురుకున్నాడు. మార్కెట్ యార్డు వెనక సందులో అమ్మ మిల్లు కూలీలకు భోజనాలు పెట్టడం మొదలుపెట్టింది. డిగ్రీ అవగానే నేను తనకు చేదోడుగా పొయ్యి దగ్గర నిలబడతానని అమ్మ లెక్క. విశాఖ వెళ్ళి ఎమ్మెస్సీ చదవాలని నా పంతం. రోజూ దీని మీదే పోట్లాడుకునేవాళ్ళం. చివరికి విసుగెత్తి అమ్మే ఒక మాట అంది.

"మీ మాస్టారు వచ్చి, పై చదువుకి నువ్వు పనికొస్తావని నాతో చెప్పాలి. అప్పుడు పంపుతాను."

అంటే నా చదువంతా ఆయన నోటిమాట మీద ఉంది. ఆ మనిషికే నేను ఎదురుచెప్పి వచ్చాను. అయినా తగ్గబుద్ధి కాలేదు. తప్పు చెప్పింది ఆయన, తగ్గాల్సింది నేనా?

మా అమ్మది ఊక పొయ్యి. చూడనివాళ్ళకోసం చెబుతాను. పాత నూనె డబ్బా మూత కోసేసి, కింద పక్కగా ఒక కంత పెడతారు. డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, కంతలోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, చుట్టూ ఊక పోసి గట్టిగా కూరతారు. తర్వాత కర్రనీ రోకలినీ మెల్లగా తిప్పుతూ లాగేస్తే, నడుమ నల్లటి కన్నం మిగులుతుంది. కింది కంతలో మండే పుల్ల పెడితే, కన్నం అంచున ఉన్న ఊక కొంచెం కొంచెంగా లోపలికి రాలుతూ మండుతుంది. వేడి ఆ కన్నానిది కాదు. అందులో పడబోయే ఊకది.

ఏలూరు పాసింజర్ అందుకునేలోపు ఊక కూరడం నా పని. ఒకరోజు రోకలి లాగుతూ లోపలికి చూసి అలాగే ఉండిపోయాను. కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు మ్యాగజైన్‌లో చదివింది కళ్ళముందే ఉంది. కృష్ణబిలం లోపలికి పోయింది తిరిగి రాదు, నిజమే. కానీ పోబోయే వాయువు దాని చుట్టూ సుడి తిరుగుతూ, తనలో తాను ఒరుసుకుని, గడప దాటకముందే కాగిపోతుంది. కొంతైతే లోపల పడకుండానే విసురుగా బయటికి చిమ్ముకొస్తుంది. ఆ వేడి గెలాక్సీ అంచులదాకా పోతుంది. చల్లబడి కొత్త నక్షత్రాలు కావాల్సిన వాయువును చల్లబడనివ్వదు. కృష్ణబిలానికి తనదంటూ కూడా రవ్వంత వేడి ఉంటుందంటారు గానీ అది ఉన్నా లేనట్టే. గెలాక్సీ ముందు ఇంత లేని ఆ నల్లటి చుక్క, ఎన్ని నక్షత్రాలు పుట్టాలో తేలుస్తుందని చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా సందులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది ఆ సంతోషం.

సెమినార్ రోజు అమ్మ పొయ్యిల్లో చిన్నదాన్ని రిక్షాలో వేసుకుని వెళ్ళాను. హాల్లో నిప్పు కుదరదన్నారు. సరే, బయట షామియానా కింద పెట్టి వెలిగించాను. "వంటల పోటీ ఇక్కడ కాదమ్మా" అన్నాడొక కుర్రాడు. "తెలుసు, నీకు పెట్టను" అన్నాను. మా లెక్చరర్ గారు నేనెవరో తెలియనట్టు దూరంగా నిలబడ్డారు.

నేను చెప్పాల్సింది చెప్పాను. జడ్జిగా వచ్చిన పైవూరి ప్రొఫెసర్ గారు శ్రద్ధగా విని, "పడేదాన్ని బట్టే వేడి అంటున్నావు కదా. మరి ఇంకా ఎక్కువ పడితే?" అంటూ చేతిలో ఉన్న స్కేలుతో కన్నం అంచుని పొడిచారు. వెలిగిన ఊక పొయ్యి అంచు ముట్టకూడదని మా సందులో పసిపిల్లలకు కూడా తెలుసు. "వద్దు సార్!" అనేలోపు ఊక గోడ విరిగి లోపల పడింది. ముందు దట్టంగా పొగ, ఆ వెంటనే భగ్గుమని మంట, నిప్పురవ్వలు. షామియానా కింద ఒక్కరు మిగల్లేదు. మా లెక్చరర్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గేటుదాకా పోయారు.

నేను కదల్లేదు. కళ్ళు మండుతుంటే అరిచి మరీ చెప్పాను.

"ఇదే సార్ జవాబు! ఎక్కువ పడితే ఇదిగో, చుట్టూ ఉన్నదాన్నంతా తరిమేస్తుంది. మీరంతా ఇక్కడ గుమిగూడి నక్షత్రాలు కావాల్సిన వాయువు అనుకోండి. ఇంక పడేది ఏమీ లేదు కాబట్టి అదే చల్లారుతుంది. మీరు మళ్ళీ దగ్గరికొస్తారు. మళ్ళీ రాజుకుంటుంది!"

ప్రొఫెసర్ గారు దగ్గుతూనే నవ్వారు. ప్రైజు మాత్రం సౌరశక్తికే వచ్చింది, ఇంకో కాలేజీకి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపం.

ఆ ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి లెక్చరర్ గారు మా గుమ్మంలో ఉన్నారు. అమ్మ చీర కొంగుతో బెంచీ తుడిచి కూర్చోబెట్టింది. నేను పొయ్యి చాటున నిలబడ్డాను.

"మీ అమ్మాయి మాట వినదండీ. వద్దన్న టాపిక్కే పట్టుకుంది. కాలేజీ పరువు పొగలో కలిసింది" అన్నారాయన.

"ఆయ్, వినదండి. ఇంట్లోనూ అంతేనండి" అంది అమ్మ. నా పని అయిపోయిందనుకున్నాను. అమ్మ మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, "ఏవండీ మాస్టారూ, ఇంతకీ అది చెప్పింది తప్పాండి?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీశారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"తప్పు కాదండీ. ఆ జడ్జిగారిని అడిగాను. ఒప్పేనన్నారు."

"అయితే పై చదువుకి పనికొస్తుందాండి?"

"పనికొస్తుందండీ. కానీ మాట వినదు."

"మాట వినందాన్ని పొయ్యి దగ్గర పెట్టుకుని నేనేం చేసుకుంటానండి? పంపేస్తాను" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే అలవాటుగా డబ్బాలో రోకలి నిలబెట్టి ఊక తెచ్చాను. అమ్మ వచ్చి నా చేతిలోంచి చాట లాక్కుంది. వెళ్ళి చదువుకోమంది. "నేను లేకపోతే ఇదంతా ఎవరు కూరతారే?" అన్నాను, ఆఖరికి కూడా ఊరుకోలేక.

అమ్మ తలెత్తలేదు. గుప్పెడు ఊక తీసి రోకలి చుట్టూ అదుముతూ అంది.

"నీకు నేర్పిందెవరే?"