రెండు చేతులా ట్రే

సూదులను నీళ్లలో మరిగించి వాడిన ఆ రోజుల్లో, పెద్దరికం అంటే అన్నిటికీ ముందు నిలబడడమే అని నా నమ్మకం. విశాఖలో ఓ ఆస్పత్రిలో కట్లు కట్టే గదికి నన్ను ఇన్‌ఛార్జిని చేసి, "నర్సు శిక్షణకొచ్చే పిల్లల్ని నీకు అప్పగిస్తున్నాను, పని నేర్పించు" అని మేట్రన్ గారు చెప్పేనాటికి నాకు పాతికేళ్లు నిండలేదు. ఆ సాయంత్రమే రూళ్లకర్రతో గీతలు కొట్టి, సూది వేయడంలో పద్నాలుగు మెట్లు రాసి గోడకు అంటించాను. (సూదిని పిల్లల చేతికి ఇవ్వడం అనే మెట్టు అందులో లేదని అప్పుడు తోచలేదు.)

ఆ పిల్లల్లో ఉక్కునగరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె. వాళ్లది గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన కుటుంబం. సూది పట్టుకుంటే ఆమె చేయి కొంచెం వణికేది. వణికిన ప్రతిసారీ "ఆగమ్మా, ఇంకోసారి చూపిస్తాను" అని నేనే అందుకుని వేసేవాణ్ణి. పద్నాలుగు మెట్లూ గడగడా అప్పజెప్పేది. ఒక్క సూదీ వేసి ఎరగదు. సొంతంగా వేసి, రికార్డు పుస్తకంలో నా సంతకం పడితేనే ఆమెకు ప్రాక్టికల్ పరీక్ష. చేయనిది చేసినట్టు నేను సంతకం పెట్టను (అక్కడ మాత్రం మహా నిక్కచ్చి). పుస్తకాలు అప్పగించాల్సిన ఆఖరి రోజు రానే వచ్చింది.

"ఇవాళైనా నన్ను వెయ్యనివ్వండి బ్రదర్" అంది పొద్దున్నే. మగ నర్సును అందరూ అలాగే పిలిచేవారు. "ముందు నువ్వు ధైర్యం తెచ్చుకో" అన్నాను, లోపమంతా ఆమెదే అయినట్టు.

అంతలో గాలం గుచ్చుకున్న అరచేతితో ఓ జాలరి పెద్దాయన వచ్చాడు. గాయం కడిగి కట్టు కట్టాం. ఇక ధనుర్వాతం రాకుండా సూది. అమ్మాయి సిరంజిలోకి మందు ఎక్కించింది, ఆయన భుజం తుడిచింది. చేయి వణికింది. నా చేయి అలవాటుగా ముందుకు వెళ్లింది.

"బ్రదర్ బాబూ, ఇది ఓపాలి పట్టు" అంటూ మా ఆయా, సామాన్లతో నిండిన పెద్ద స్టీలు ట్రేని నా రెండు చేతుల్లో పెట్టేసింది. (నాకు ముందు నలుగురు ఇన్‌ఛార్జిలను చూసిన మనిషి ఆమె.)

"ఇప్పుడెందుకు? కింద పెట్టు" అన్నాను.

"సోటేదీ? నువ్వు కదిలితే మరగబెట్టినవన్నీ నేలపాలు. ఊరికే నిలబడు."

జాలరి నవ్వాడు. "ఏటి బాబూ, అంత కంగారడిపోతన్నావ్? పాపని పొడవనీ. నానేటి పారిపోతన్నానా? ఒడ్డు మీద నిలబెట్టి సెప్తే మావోడు తెడ్డెయ్యడం నేర్సుకున్నాడేటి?"

నోటిదాకా వచ్చిన ఏడో మెట్టును మింగేశాను. అమ్మాయి ఆయన భుజం పట్టుకుంది. సూది దిగింది, మందు వెళ్లింది, దూది పడింది.

"అయిపోనాదా?" అన్నాడు జాలరి, నిజంగానే ఆశ్చర్యపడి.

"అయిపోయిందండి" అంది. నావైపు చూడకుండానే చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. పుస్తకం తెచ్చి "సంతకం పెట్టండి బ్రదర్" అనేదాకా నేను ట్రేతో అలాగే ఉన్నాను.

"ఇంక దించుకో బాబూ" అంది ఆయా, నా పక్కనే ఖాళీగా ఉన్న బల్ల చూపించి.

ఈ మధ్య పాత డైరీలు సర్దుతుంటే ఆ పేజీ కనిపించింది. ఆ రోజు చేసిన పని అన్నచోట ఒక్కటే రాసి ఉంది: "ట్రే పట్టుకున్నాను." కోపంతో రాసినట్టున్నాను, కలం ఒత్తిడికి అక్షరాలు వెనకవైపు తేలాయి. వాటిని వేలితో తడిమి నవ్వుకున్నాను. ఆ నెలంతటిలో అంతకన్నా మంచి పని చేయలేదని అది రాసిన కుర్రవాడికి అప్పటికి ఇంకా తెలియదు.